ఇటలీలోని అమాల్ఫి తీరంలో జనం తక్కువగా ఉండే ఊళ్ళు ఏవి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. సెప్టెంబర్‌లో అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వస్తున్నారు, వాళ్ళని అమాల్ఫి తీరానికి తీసుకెళ్దామని ఉంది. ఐదు రాత్రులు. పోయినేడాది మేమిద్దరమే ఆ తీరంలోని పొసితానో ఊరికి వెళ్ళాం. బీచ్‌కి దిగే సందులో ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడలేదు. తిరిగొచ్చేటప్పుడు రెండు బస్సులు నిండిపోయి ఆపకుండానే వెళ్ళిపోయాయి, గంటన్నర ఎండలో నిలబడ్డాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడతో అలా కుదరదు. పైగా శాకాహారి. నాన్నకి మాత్రం ఎంత నడిచినా ఇష్టమే. సముద్రం కనపడుతూ, ప్రశాంతంగా, మెట్లు తక్కువగా ఉండే ఊరు ఏదైనా ఉందా? కారు తీసుకుంటే నయమా?

నేపుల్స్_కుర్రాడు:
అన్నా, నేను నేపుల్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, సెలవు దొరికితే అటే వెళ్తుంటాను. ముందు కారు సంగతి: వద్దు. ఊళ్ళన్నిటినీ కలిపేది కొండ అంచున పోయే ఆ ఒక్క రోడ్డే. వేసవి రద్దీ రోజుల్లో పగలు 10 నుంచి సాయంత్రం 6 వరకు నంబర్ ప్లేటు చివరి అంకెను బట్టి సరి-బేసి పద్ధతి పెడతారు. పార్కింగ్ టెన్షన్ దానికి అదనం.

టూరిస్టుల్లో చాలామంది సొరెంతో వైపు నుంచి వచ్చి పొసితానో, అమాల్ఫి, రవెల్లో చూసుకుని వెనక్కి వెళ్ళిపోతారు. మీరు రెండో చివర నుంచి, అంటే సలెర్నో నుంచి రండి. నేపుల్స్ నుంచి ఫాస్ట్ రైల్లో 40 నిమిషాలు. స్టేషన్‌కి దగ్గర్లోనే పడవల రేవు. వేసవి సీజనంతా అక్కడి నుంచి చెతారా, మయోరి, మినోరి, అమాల్ఫికి పడవలుంటాయి. సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటే ఆపేస్తారు, ఆ రోజు బస్సే గతి. సలెర్నోలో బస్సెక్కితే ఎడమవైపు కూర్చోండి, సముద్రం అటే. టికెట్ ముందే కొనుక్కోవాలి, పెద్ద టి అక్షరం బోర్డు ఉండే పొగాకు దుకాణాల్లో అమ్ముతారు.

ఆంటీ కోసమైతే మినోరి లేదా మయోరి. ఈ తీరంలో కాస్త చదునైన నేల ఉన్నవి ఇవే. మయోరిలో దాదాపు కిలోమీటరు పొడవు బీచ్ ఉంది, తీరం మొత్తానికీ అదే పెద్దది. 1954 అక్టోబర్‌లో వరదొచ్చి ఊరు బాగా దెబ్బతింది, తర్వాత కట్టిన ఇళ్ళు మామూలు అపార్ట్‌మెంట్లలా ఉంటాయి. ఫొటోలకి పనికిరాదని టూరిస్టులు దాటిపోతారు. ఉండటానికి మాత్రం అంత సుఖమైన ఊరు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

నిమ్మతోట:
కుర్రాడు చెప్పింది నిజం. మేం మినోరిలో నాలుగు రాత్రులున్నాం, మా అత్తగారికి డెబ్భై దాటాయి. పొద్దున్నే సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుంటే పక్కన కూర్చునేది ఆ ఊరి ముసలమ్మలే. భాష రాకపోయినా వాళ్ళు మా అత్తగారి చీర అంచు పట్టుకుని చూసి మురిసిపోయారు. ఊరి మధ్యలోనే 1వ శతాబ్దపు రోమన్ విల్లా ఉంది, నేలమట్టానికి కిందకి దిగి చూడాలి.

మీ నాన్నగారికి మయోరి నుంచి మినోరికి నిమ్మతోటల మధ్య నుంచి పోయే కాలిబాట చూపించండి. తీరిగ్గా నడిస్తే గంటన్నర, మెట్లు కొన్ని వందలుంటాయి. అలిపిరి ఎక్కినవాళ్ళకి అదో లెక్క కాదు. రోడ్డు పడకముందు ఊళ్ళ మధ్య దారి ఇదేనట. కొండని మెట్లు మెట్లుగా చెక్కి రాతి గోడలు కట్టారు, ప్రతి మెట్టు మీదా చెస్ట్‌నట్ కర్రల పందిరి. మన దొండపాదు పందిరిలాగే ఉంటుంది, కానీ పైనుంచి వేలాడేవి నిమ్మకాయలు. ఒక్కోటీ దబ్బకాయంత, కొసన మొన తేలి ఉంటుంది. ఒక ముసలాయన కాయ కోసి, ముక్కలు తరిగి, తొక్కతో సహా తినమని ఇచ్చాడు. తొక్క కింద తెల్లటి భాగం మందంగా ఉంది, చేదు లేదు. ఉప్పు కూడా అక్కర్లేదు.

ఒకప్పుడు ఆ కాయల్ని ఆడవాళ్ళే బుట్టల్లో మోసుకుని ఈ మెట్లు దిగి ఒడ్డుకి చేర్చేవారట. వాళ్ళని 'ఫొర్మికెల్లె' అనేవారు, చిన్న చీమలు అని అర్థం. ఒక్కో బుట్ట యాభై కిలోల పైమాటే. ఖాళీ చేతులతో దిగుతుంటేనే నా కాళ్ళు వణికాయి, ఆ బరువు తలుచుకుంటే మనసు అదోలా అయిపోయింది.

ఉప్పాడ_అల:
మాది కాకినాడ దగ్గర, కాబట్టి నేను చెతారా గురించే చెప్తాను. అది నిజంగా చేపలు పట్టే ఊరు, టూరిస్టుల కోసం అలంకరించింది కాదు. ఆంచోవీలు అని మన నెత్తళ్ళలాంటి చిన్న చేపలు. వాటిని తల తీసి, చెస్ట్‌నట్ చెక్క పీపాల్లో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు వేసి, పైన రాయి బరువు పెట్టి నెలల తరబడి ఊరనిస్తారు. అడుగున చిల్లు పెడితే కాషాయం రంగు రసం బొట్లు బొట్లుగా దిగుతుంది. దాన్ని కొలతూరా అంటారు. 2020లో యూరప్‌లో దానికి ప్రాంతీయ గుర్తింపు కూడా వచ్చింది. సీసా మూత తీయగానే మా ఊళ్ళో ఎండుచేపల రోజులు గుర్తొచ్చి ఒక్క నిమిషం మాట రాలేదు. స్పగెత్తిలో వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఈ రసం నాలుగు చెంచాలు, అంతే. వేరే ఉప్పు వేయకూడదు.

చెతారాకీ మయోరికీ మధ్య ఎర్కియె అని చిన్న పల్లె ఉంది. మెయిన్ రోడ్డు దాని పైనుంచి పోతుంది, అందుకే చాలామందికి కనపడదు. పాత కావలి బురుజు, దాని పక్కన చిన్న బీచ్. ఆదివారం ఇటలీవాళ్ళే వచ్చి నింపేస్తారు, మామూలు రోజు వెళ్ళండి.

సీత_పిన్ని:
గోదారి_గట్టు బాబూ, అమ్మగారి భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. చెతారాలో ఆవిడకి కష్టం. కూరగాయల పాస్తాలో కూడా కొలతూరా చుక్క వేసే అవకాశం ఉంది, ఆర్డర్ ఇచ్చేముందే అడగండి. 'సెన్సా పెషె, సెన్సా కార్నె' అంటే చేప, మాంసం లేకుండా అని. మినోరిలో 'ఎన్‌దుందెరి' అని రికొట్టా, అంటే విరిగిన పాల ముద్దతో చేసే ఉండలు దొరుకుతాయి, కానీ కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు. పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోని రసంతో చేస్తారు, ఆవిడకి ఆ పట్టింపు ఉంటే అది వద్దనండి. నేనైతే వంటగది ఉన్న ఇల్లు తీసుకుని చిన్న కుక్కరు, కందిపప్పు పట్టుకెళ్ళాను. అక్కడి టమాటాలతో, ఆ నిమ్మకాయతో చేసిన చారు ఇప్పటికీ మా ఇంట్లో తలుచుకుంటారు.

మిలాన్_మేస్త్రి:
అందరూ పొసితానో వద్దంటున్నారు గానీ, ఇంత దూరం వచ్చిన పెద్దవాళ్ళకి అది చూపించకపోవడం అన్యాయం. దిగకండి, పడవలోంచి చూపించండి. కొండ మీద మెట్లు మెట్లుగా పేర్చిన ఆ ఇళ్ళు సముద్రం మీంచి చూస్తేనే పూర్తిగా కనపడతాయి.

నేపుల్స్_కుర్రాడు:
మేస్త్రి గారి మాట బాగుంది. ఇంకొకటి మర్చిపోయాను: అత్రాని. విస్తీర్ణంలో ఇటలీలోకెల్లా చిన్న మునిసిపాలిటీ, 0.12 చదరపు కిలోమీటర్లు. అమాల్ఫి నుంచి నడిస్తే పది నిమిషాలు, అయినా ఆ గుంపులో పదోవంతు కూడా ఇటు రారు. రోడ్డు కింద ఉన్న కమానుల్లోంచి బీచ్‌కి వెళ్ళాలి. సాయంత్రం చివరి పడవలు వెళ్ళిపోయాక చౌరస్తాలో పిల్లలు బంతాట ఆడుతుంటారు. చూడటానికి వెళ్ళండి, కానీ అక్కడ రూమ్ తీసుకునేముందు తలుపు దాకా ఎన్ని మెట్లో ఇంటివాళ్ళని కచ్చితంగా అడగండి. 'బీచ్‌కి దగ్గర' అని రాసిన ఇంటికి 140 మెట్లెక్కాను నేను.

నాన్నగారికి ఇంకో రోజుంటే బొమెరానో నుంచి నొచెల్లె దాకా 'దేవతల దారి' నడిపించండి. పేరున్న దారే, జనం ఉంటారు. పొద్దున ఏడింటికే మొదలుపెడితే సగం దారి మీదే.

గోదారి_గట్టు:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వెళ్ళొచ్చాం, రాయకపోతే బాగుండదని రాస్తున్నాను. మినోరిలో కింది అంతస్తు ఇల్లు, వాకిట్లోంచి ఒడ్డుకి మూడు నిమిషాలు. మూడో రోజు గాలి ఎక్కువై పడవలు ఆపేశారు, ఆ రోజు మయోరికి మెల్లగా రోడ్డు మీదే నడిచాం. అమ్మ కూడా నడిచింది. పొసితానో పడవలోంచే చూపించాం. నాన్న నిమ్మతోటల దారిలో రెండుసార్లు వెళ్ళొచ్చారు, రెండోసారి ఒక్కరే. అక్కడ రాతి గోడ కడుతున్న మనిషితో సైగలతోనే అరగంట మాట్లాడారట. పందిరికి కర్రలు ఎలా కడతారో కాగితం మీద బొమ్మ గీయించుకుని వచ్చారు.

సీత పిన్నిగారూ, కుక్కరు మాట చెప్పి పుణ్యం కట్టుకున్నారు. నిమ్మకాయలు నాలుగు తెచ్చాం. అమ్మ వాటిని దబ్బకాయ పచ్చడిలాగే ఉప్పులో వేసి, జాడీ నాతోనే వదిలి వెళ్ళింది.