బిల్లీ ఫ్యూరీని లారీ పార్న్స్ నిలబెట్టాడా, పాడు చేశాడా?

పాతరికార్డులు:
ఈ వారమంతా బ్రిటన్ రాక్ గాయకుడు బిల్లీ ఫ్యూరీది, 1960 మేలో వచ్చిన ‘ద సౌండ్ ఆఫ్ ఫ్యూరీ’నే తిప్పి తిప్పి వింటున్నాను. పది అంగుళాల ఎల్పీ (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డు), పది పాటలు. పదీ బిల్లీ ఫ్యూరీ సొంతంగా రాసుకున్నవే, కాకపోతే కొన్నిటికి విల్బర్ విల్బర్‌ఫోర్స్ అని మారుపేరు పెట్టుకున్నాడు. గిటార్ జో బ్రౌన్. అప్పట్లో బ్రిటన్ గాయకులు చాలామంది అమెరికా పాటల్నే మళ్లీ పాడుకుంటున్నారు. అలాంటి రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాడు ఎల్పీ మొత్తం రాసేశాడు!

ఏడాది తిరిగేసరికి ‘హాఫ్‌వే టు ప్యారడైజ్’ వచ్చింది. అమెరికాలో టోనీ ఒర్లాండో పాడేసిన పాట, దానికి వయొలిన్ల హంగామా. ఫ్యూరీ మేనేజర్ లారీ పార్న్స్, రికార్డుల కంపెనీ డెక్కా కలిసి నిఖార్సైన రాకర్‌ని విరహగీతాల వాడిగా మార్చేశారని నా వాదన. కాదనేవాళ్లు రండి.

బాస్‌గిటార్:
నేను కాదంటాను అన్నా. మీరు మెచ్చుకుంటున్న ఎల్పీ బ్రిటన్ అమ్మకాల చార్టులో 18వ స్థానం దగ్గర ఆగింది. ‘హాఫ్‌వే’ 3కి వెళ్లింది, అదే 1961లో ‘జెలసీ’ 2కి. కంపెనీవాడు దేని వెంట పడతాడు? అప్పటి మరో బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌ని చూడండి. 1958లో ‘మూవ్ ఇట్’తో అదరగొట్టి, మరుసటి ఏడాదే ‘లివింగ్ డాల్’ అని మెత్తబడ్డాడు, నంబర్ వన్ కొట్టాడు. ఆయన మేనేజర్ పార్న్స్ కాదుగా!

పాతరికార్డులు:
ఎల్పీల చార్టుకీ సింగిల్స్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డులు) చార్టుకీ పోటీ పెడితే ఎలా తమ్ముడూ? ఆ రోజుల్లో కుర్రకారు జేబులో ఉండే డబ్బుకి సింగిలే ఎక్కువ.

మెర్సీతీరం:
లివర్‌పూల్‌లో ఉంటాను, ఫ్యూరీదీ ఈ ఊరే, కాబట్టి ఊరి పక్షపాతం కాస్త ఉంటుంది. రేవు దగ్గర ఆయన కంచు విగ్రహం కూడా ఉందండీ.

అసలు పేరు రోనాల్డ్ విచర్లీ. కొన్నాళ్లు టగ్ బోటు మీద పనిచేశాడు. 1958 అక్టోబరులో పక్కనే ఉన్న బర్కెన్‌హెడ్‌లో రాక్ గాయకుడు మార్టీ వైల్డ్ కచేరీకి వెళ్లింది పాడటానికి కాదు, తాను రాసిన పాటలు మార్టీకి ఇవ్వచ్చేమోనని. పార్న్స్ విని, ఆ రాత్రే స్టేజీ ఎక్కించాడు, తర్వాత పేరూ మార్చాడు. అంటే పార్న్స్ లేకపోతే బిల్లీ ఫ్యూరీ అనే మనిషే లేడు. ఇది పార్న్స్ వైపు పాయింటు.

కానీ పాటలు ఇవ్వడానికొచ్చిన మనిషి పెద్ద హిట్లలో ఎక్కువ భాగం వేరేవాళ్లు రాసినవే. నాకు గుచ్చుకునేది అదే. నెమ్మది పాటా, హుషారు పాటా అన్నది కాదు. మొదటి సింగిల్ ‘మేబీ టుమారో’ ఆయన సొంతదే, అదీ నెమ్మది పాటే కదా!

బాస్‌గిటార్:
ఈ మాట బాగుంది. ఇంకొకటి కూడా చూడాలి. 1959లో డబ్లిన్ థియేటర్ రాయల్‌లో ఆయన ఒంటి ఊపులు అసభ్యంగా ఉన్నాయని మధ్యలోనే తెర దించేశారు. ఆ తర్వాత స్టేజీ మీద తగ్గక తప్పలేదు. పైగా చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరంతో గుండె దెబ్బతింది. అలాంటివాడు పదేళ్లు స్టేజీ మీద ఎగరాలంటే ఎలా? మెత్తబడబట్టే ఆ గొంతు అన్నాళ్లు నిలిచిందేమో.

పాతరికార్డులు:
గుండె సంగతి ఒప్పుకుంటాను. మరి బ్యాండు సంగతో? 1961 చివర్లో, ఫ్యూరీ వెనక వాయించే బ్లూ ఫ్లేమ్స్‌ని పంపేశారు. పియానో మీద ఉన్నది జార్జీ ఫేమ్! ఆ బ్యాండు తర్వాత జార్జీ ఫేమ్ చేతిలో పెద్ద పేరే తెచ్చుకుంది. అంతకుముందు 1960 మేలో, ఫ్యూరీకి బ్యాండు కావాలని లివర్‌పూల్‌లో పార్న్స్ ఆడిషన్ పెడితే బీటిల్స్ కూడా వచ్చారు. వాళ్లని జానీ జెంటిల్ అనే మరో గాయకుడి వెనక వాయించమని స్కాట్లండ్ పంపాడు. పార్న్స్‌కి అందమైన కుర్రాళ్లని పట్టే కన్ను ఉంది, బ్యాండుని పట్టే చెవి లేదు.

మెర్సీతీరం:
బీటిల్స్ బృందం అప్పటికి అంత బాగా వాయించేది కాదులెండి, దానికి పార్న్స్‌ని తప్పుపట్టలేం. బ్లూ ఫ్లేమ్స్ విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను.

బాస్‌గిటార్:
సరే, ఒక్కటి చెప్పండి. నంబర్ వన్ సింగిల్ ఒక్కటీ లేకుండా 1960లలో అంతకాలం చార్టుల్లో కనిపించిన బ్రిటన్ గాయకుడు ఇంకెవరున్నారు? సొంత పాటలే పాడుంటే 1962 దాటేవాడా?

పాతరికార్డులు:
1963 నుంచి సొంత పాటలు రాసుకునేవాళ్లదే రాజ్యం తమ్ముడూ. ఆయన మూడేళ్ల ముందే ఆ పని చేసి చూపించాడు. అప్పుడు ఆపకుండా ఉంటే అన్నదే నా బాధంతా.