సొంతంగ కట్టె సామాను చేసుకుంటే నిజంగ పైసలు మిగుల్తయా?

కాజీపేట షెడ్
అందరికి నమస్తే. బిడ్డ తొమ్మిదో తరగతికి పోతున్నది, చదువుకునేటందుకు బల్ల కావాలె. హన్మకొండల దుకాణాలు తిరిగిన. తళతళ మెరిసేటియన్ని రంపపు పొట్టును గమ్ముతోని అదిమిన బోర్డులే. అంచు కాడ రేకు లేసిన చోట గోరుతోని గీకితే పొట్టు రాలుతున్నది. టేకుది ఎంతని అడిగితే, ధర విని కూసునేటందుకు నేనే కుర్చీ వెతుక్కున్న.

అందుకే నేనే చేద్దామని లెక్క గీసిన. బల్ల పైభాగం 4 అడుగులు, 2 అడుగులు, ఇంచు మందం: 0.67 క్యూబిక్ ఫీట్లు. రెండున్నర ఇంచుల కాళ్లు నాలుగు, రెండున్నర అడుగుల ఎత్తు: 0.43. చుట్టూ పట్టీలు: 0.22. మొత్తం 1.32. అడితిల (కట్టె అమ్మే కాడ) గంత కట్టె కొంటే కూలి నాదే. సగానికి సగం మిగుల్తదని నేనంటున్న. రైల్వే షెడ్డుల అందరు నవ్వుతున్నరు. మా బామ్మర్దయితే "వడ్లాయన (వడ్రంగి) పొట్ట ఎందుకు కొడుతవు బావా" అన్నడు. రెండింటికీ మీరేమంటరు?

గునియా
మిగలయి. పొడుగు అడుగులల్ల, వెడల్పు, మందం ఇంచులల్ల పెట్టి 144తోని భాగించినవు, గంతవరకు కరెక్టే. కాని నువ్వు లెక్కగట్టింది రందా పట్టి (పైన చెక్కి నున్నగ చేసి)నంక మిగిలే కట్టె. ఇంచు మందం బల్ల కావాల్నంటే ఇంచుంబావు కట్టె కొనాలె. పగుళ్లు, ముడులు, రంపం తినే పొట్టు, కొసలు కోసేసేది, అన్ని కలిపితే 2 క్యూబిక్ ఫీట్ల దాకా పోతది. రెండడుగుల వెడల్పు పలక ఒక్క ముక్కల ఇప్పుడు ఏ అడితిల దొరుకుతది? నాలుగైదు పలకలు అంచుకు అంచు అతికియ్యాలె. అతికియ్యాల్నంటే పలకలను ఒత్తి పట్టే పొడుగు క్లాంపులు కావాలె. ఇగ రంపం, రందా, ఉలులు, డ్రిల్లు. ఒక్క బల్ల కోసం ఇవన్ని కొంటే వడ్లాయనకు ఇచ్చేదాని కంటె ఎక్కువైతది. బల్ల అయినంక అన్ని గోడకు వేలాడుతయి.

నర్సంపేట నల్లమద్ది
గునియా అన్న ప్రతి ముచ్చటల ఇదే పాట పాడుతడు. అన్నా, క్రికెట్ బ్యాటు కొన్నోన్ని పట్టుకొని "ఎన్ని పైసలు మిగిలినయి" అని ఎవ్వలన్న అడుగుతరా? ఇది సరదా. నేను ముందుగాల స్టూలు చేసిన, ఇప్పుడు అల్మారా దాక వచ్చిన. పనిముట్లు ఒక్కసారి కొంటే పదేండ్లు ఉంటయి. కాజీపేట అన్నా, వెనుకకు తగ్గకు.

గునియా
తమ్మీ, సరదా అని మొదటి పోస్టుల ఎక్కడుందో సూపియ్యి. "సగానికి సగం మిగుల్తది" అన్నడు. దానికి జవాబు చెప్పిన.

వడ్లింటి బిడ్డ
మా నాయిన జమ్మికుంట దిక్కు వడ్ల పని చేసేటోడు. నేను బ్యాంకు నౌకరి. ముందు పొట్ట కొట్టుడు ముచ్చట తెంపుదాం.

వడ్లోళ్ల పని సగం పోయింది ట్రాక్టర్ వచ్చినప్పుడు. నాగలి, గుంటుక, ఎడ్లబండి బాగుచేసినందుకు రైతులు కల్లం కాడ గింజలు కొలిచి ఇచ్చేటోళ్లు. నాగలే లేనంక కొలిచేదేముంటది. మిగిలినయి దర్వాజలు, కిటికీలు, మంచాలు. వాటిని ఇనుప చౌకట్లు, రెడీమేడ్ తలుపులు, నువ్వు గోరుతోని గీకిన గా పొట్టు బోర్డు తిన్నయి. ఆదివారం నాడు బిడ్డ కోసం ఒక బల్ల చేసుకునే రైల్వే ఆయన వల్ల ఏ వడ్లాయనా ఆకలికి పండడు. మీ బామ్మర్దికి చెప్పు.

నాకు మనసున పట్టింది ఇంకోటి. కూలి కాడ సున్నా రాసినవు. అందరు గట్లనే రాస్తరు, రేపు వడ్లాయన రేటు చెప్తే "గింతనా" అనేది కూడ గా సున్నా మనసులున్నోళ్లే. మా నాయిన రందాను తిప్పి పట్టుకొని, ఒక కన్ను మూసి, కింద కోసే బిళ్ల ఎంత బయటికి ఉన్నదో చూసేటోడు. ఎక్కువుంటే వెనుక సుత్తెతోని టక్కుమని ఒక్కటి. తక్కువుంటే ముందట ఒక్కటి. మళ్ల చూసుడు. పొట్టు పొడుగ్గ, తెగకుంట రావాలె, వెలుతురుకు పెడితే అవతల వేళ్లు కనవడాలె. కట్టె నార ఎటు లేస్తున్నదో చూడకుంట ఎదురు పడితే పెచ్చులు పెచ్చులు లేస్తది, టేకు మీద పైసలు పెట్టినోడికి అప్పుడు కడుపు తరుక్కుపోతది. ఇది వీడియోల చూస్తే రాదు, చేతికి రావాలె.

కాబట్టి నా మాట: మొత్తం నువ్వే చేసుడు వద్దు, మొత్తం ఇచ్చుడూ వద్దు. అడితిల కట్టె కొను, మిల్లులనే కొలతకు కోపియ్యి, మిషన్ రందా నాలుగు దిక్కులు పట్టియ్యి. మూలలు గునియాకు (మూలమట్టానికి) కుదిరొస్తయి. అక్కడికి కష్టం, ప్రమాదం రెండూ పోతయి. జోడింపు, సాండ్ పేపర్, పాలిష్ నీ చేతి పని. అప్పుడు క్లాంపులు, రెండు ఉలులు, ఒక సుత్తె, డ్రిల్లు చాలు. పైసలు కొన్ని మిగుల్తయి. సగం మాత్రం కాదు.

సుబేదారి టీచరమ్మ
అందరూ టేకు చుట్టూనే తిరుగుతున్నారు. పిల్లల బల్లకు టేకే ఎందుకండీ? 18 మి.మీ. ప్లైవుడ్ 8 × 4 షీటు తెచ్చుకుంటే 32 చదరపు అడుగులు. పైభాగానికి 8 పోతుంది, మిగిలిన దాంట్లో పక్కలు, పుస్తకాల అర, ఒక సొరుగు కూడా వస్తాయి. అంచుకు అంచు అతికించే బాధ లేదు, వానాకాలం ఉబ్బడం, ఎండాకాలం పగలడం దాదాపు ఉండవు. అయితే దుకాణంలో "వాటర్ ప్రూఫ్" అన్న మాట నమ్మకుండా షీటు మీద ముద్ర చూడండి. ఐ.ఎస్. (భారత ప్రమాణం) 303 అని ఉంటే మామూలు వాడకానిది, అందులోనే ఎం.ఆర్. అంటే తేమను కొంతవరకే తట్టుకుంటుంది, బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటిని తట్టుకునేది) ఇంకాస్త నయం. ఐ.ఎస్. 710 అంటే మెరైన్, పడవల్లాంటి వాటికి వాడేది. గదిలో ఉండే బల్లకు మెరైన్ అక్కర్లేదు, అమ్మేవాళ్ళు మాత్రం అదే అంటగట్టాలని చూస్తారు.

గునియా
మేడంతోని నేను ఏకీభవిస్త, ఇది రాసిపెట్టుకోండి. కాని కొనే కాడనే కోపియ్యండి. ఇంట్ల చేతి రంపంతోని 8 అడుగులు సక్కగ కోసుడు అయ్యే పని కాదు, అంచులు చీలుతయి.

నర్సంపేట నల్లమద్ది
చీలకుంట గీత మీద టేపు అతికి కోయొచ్చు. యాంగిల్ గ్రైండర్‌కు కట్టె బ్లేడు పెడితే ఇంకా జల్ది అయితది.

వడ్లింటి బిడ్డ
తమ్మీ, గా రెండో మాట తీసెయ్యి, ఎవ్వలన్న చూసి చేస్తరు. 4 ఇంచుల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాక తిరుగుతది. రంపం పండ్లున్న బ్లేడు కట్టెల ఇరుకుతే మిషనే చేతుల నుంచి ఎగిరి మీదికొస్తది. దానికున్న గార్డు ఇనుము అరగదీసేటందుకు పెట్టింది, పండ్ల బ్లేడుకు కాదు. సరదాకు వేళ్లు పోగొట్టుకునుడు ఎందుకు. మూతికి మాస్కు గూడ పెట్టుకోండి. కట్టె పొట్టు ధూళి క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలనే పెట్టింది. టేకు ధూళికి కొందరికి ఒళ్లంత దురద లేస్తది.

పర్కాల పిల్లగాడు
నా అసొంటోళ్లకు టేకూ వద్దు ప్లై వద్దు. గోదాములల్ల మిషన్ల కింద వచ్చే ప్యాకింగ్ కట్టె, పైన్‌ది, పాత సామాను దుకాణంల చౌకకు దొరుకుతది. మెత్తగ ఉంటది, నేర్చుకునేటందుకు గదే మంచిది. మొలలు పీకుడే పెద్ద పని.

సుబేదారి టీచరమ్మ
బాబూ, విదేశాల నుంచి వచ్చిన ప్యాకింగ్ చెక్క మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టి. అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు పట్టించారని అర్థం. అది వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువుతో పురుగు చంపినది. పిల్లలు మోచేతులు ఆన్చి చదువుకునే బల్లకు అది వద్దు. అసలు ముద్రే లేకపోతే, నూనె మరకలు ఉంటే, ఇంట్లోకే తేవద్దు.

పర్కాల పిల్లగాడు
నా దగ్గరున్నయి చూసిన మేడం. మూడింటి మీద హెచ్.టి. ఉన్నది. ఒకదాని మీద ఏం లేదు, అది పొయ్యిల కూడ పెట్టను.

ములుగు రోడ్డు
మీరందరు కొనుడు గురించే మాట్లాడుతున్నరు. మా పొలం గట్టు మీద నాయిన పెట్టిన టేకు చెట్లున్నయి, పదిహేనేండ్లయి. రెండు కొట్టి కోపిస్తే కాజీపేట అన్నకు గూడ ఇస్త, పైసలు వద్దు.

గునియా
పుణ్యానికి పోతే పాపం ఎదురైతది. మన పట్టా భూమిల మన చెట్టయినా, టేకు కొట్టాల్నంటే ఫారెస్టోళ్ల అనుమతి కావాలె. 2002ల వచ్చిన వాల్టా చట్టం ఒకటున్నది. కొట్టినంక బండి మీద ఏసి ములుగు నుంచి కాజీపేట దాక తెచ్చేటందుకు రవాణా పర్మిట్ వేరే. చెక్‌పోస్టు కాడ "మా గట్టుది సారూ" అంటే వినరు.

వడ్లింటి బిడ్డ
కాయితాలు చేసుకున్నా గా కట్టె ఇప్పుడే పనికిరాదు. పదిహేనేండ్ల టేకుల చేవ (నడుమ ఉండే ముదురు కట్టె) తక్కువ, చుట్టూ తెల్లదే ఎక్కువ. చెదలు, పురుగు పట్టేది గా తెల్ల దానికే, రెండు వానాకాలాలు పోకముందే కాళ్ల కింద పిండి రాలుతది. చేవ భాగం జోలికి చెదలు అంత తొందరగ పోవు. అడితిల కూడ గిదే చూడాలె, పలక అంచుకు లేత రంగు పట్టీ కనవడితే గంత మేర బేరంల తగ్గియ్యి, లేకుంటే కోసేసి లెక్కగట్టు.

ఇగ పచ్చి కట్టె ముచ్చట. గాలికి ఆరేసుడైతే ఇంచు మందానికి ఏడాది అని పాత లెక్క. అడితాయన "ఎప్పుడో ఎండింది" అంటడు. ఒక చిన్న ముక్క కోపించుకొని ఇంటికి తే, కూరగాయలు తూచే డిజిటల్ కాంటా మీద పెట్టి బరువు రాసుకో. వారానికోసారి తూచు. తగ్గుతనే ఉంటే ఇంకా పచ్చిది. ఒక్క కాడ నిలిస్తే అప్పుడు పని మొదలువెట్టు.

నర్సంపేట నల్లమద్ది
ఇన్ని కిరికిరిలు ఎందుకు, పొణికి కట్టె తెచ్చుకుంటే? నిర్మల్ దిక్కు దొరుకుతది, మెత్తగ చెక్కొచ్చు.

గునియా
పొణికి నిర్మల్ బొమ్మలకు. ముక్కలను చింతగింజల లప్పంతోని అతికి రంగులేస్తరు, కట్టెనే అంత తేలిక. దాంతోని బల్ల కాళ్లు చేస్తే బిడ్డ లెక్కల పుస్తకం పెట్టంగనే కూసుంటది. నీ పేరుల ఉన్న నల్లమద్ది కట్టె అయినా మోస్తది, కాని ఉలి మొండివడుతది.

కాజీపేట షెడ్
అందరి మాటలు చదివిన. టేకే తీసుకుంట, మిల్లుల కోపించి రందా పట్టిస్త, మిగిలింది నేను. పైభాగానికి ఐదు పలకలు ఫెవికాల్‌తోని అతికి, కింద పట్టీలకు స్క్రూలు బిగిస్త. గట్టిగ ఉంటది కద?

వడ్లింటి బిడ్డ
గట్టిగ ఉంటది, అందుకే పగులుతది. కట్టె పొడుగుల పెద్దగ మారదు, అడ్డంల మారుతది. మన కాడ మేల 43 డిగ్రీలకు ఎండి ముడుచుకుంటది, శ్రావణంల తేమ తాగి ఉబ్బుతది. రెండడుగుల వెడల్పు మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా రావొచ్చు. టేకు మిగితా వాటికన్న తక్కువనే కదులుతది, కాని కదులుతది. స్క్రూలు కదలకుంట బిగిస్తే ఎటూ పోలేక అతుకు కాడ నెర్ర విచ్చుతది. పట్టీలల్ల స్క్రూ బొక్కను గుండ్రంగ కాకుంట వెడల్పు దిక్కు కోలగ చెయ్యి, వాషర్ ఏసి బిగియ్యి. నడుమ స్క్రూ ఒక్కటి గట్టిగ, అంచులయి కొంచెం సడలుగ. బల్లను ఎండాకాలం కూలర్ ఎదురుంగ మాత్రం పెట్టకు, ఒక దిక్కు తడి, ఒక దిక్కు పొడి అయితే పలకలు వంగుతయి.

కాళ్లకు స్క్రూల జోలికే పోకు. కాలుకు బెజ్జం కొట్టి, పట్టీ కొసను సన్నగ చెక్కి అందుల దింపు. చేత్తోని తోస్తే సగం పోవాలె, సుత్తెతోని రెండు దెబ్బలకు కూసోవాలె. వదులుగ ఉంటే గమ్ము ఆదుకోదు.

సుబేదారి టీచరమ్మ
పాలిష్ గురించి కూడా చెప్పండి. స్పిరిట్‌లో లక్క కరిగించి పూసేది అందంగా ఉంటుంది కానీ వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి గుండ్రం మరక పడుతుంది. పిల్లల బల్లకు పి.యు. (పాలియురేథేన్) పూత మేలు. అవిసె నూనె పూస్తామంటే, తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూలన పడేయకండి, ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

గునియా
ఇంత చెప్పినంక గూడ నాకు నమ్మకం కుదురుతలేదు. అడితి చిట్టి, మిల్లు కోత కూలి, రందా కూలి, క్లాంపులు, గమ్ము, పాలిష్, ఆటో కిరాయి, అన్ని ఇక్కడ పెట్టు. దుకాణపాయన చెప్పిన ధర పక్కన పెట్టి అప్పుడు మాట్లాడుదాం.

కాజీపేట షెడ్
పెడ్త అన్నా. నా కూలి కాడ ఏమని రాయాలె?

వడ్లింటి బిడ్డ
మీ గల్లీల వడ్లాయన రోజుకెంత తీసుకుంటడో అడిగి అదే రాయి. ఆయన రెండు రోజులల్ల చేసేది నీకు ఎన్ని ఆదివారాలు పట్టినా రెండు రోజుల కూలే రాసుకోవాలె, తెల్సింది కద.

నర్సంపేట నల్లమద్ది
గట్లయితే గునియా అన్న గెలిచినట్టే. బల్ల ఫోటో మాత్రం పెట్టు అన్నా, కింద కోల బొక్కలు కూడ కనవడేటట్టు.