646 మీటర్ల వార్సా రేడియో మాస్ట్: స్టే వైరు మారుస్తుంటే ఎందుకు కూలింది?

లాంగ్‌వేవ్227 అడిగారు:

పోలండ్‌లో గోంబిన్ పట్టణం దగ్గరి కొన్‌స్తాంతినుఫ్ ట్రాన్స్‌మిటర్ కేంద్రం గురించి రెండు సందేహాలు. అక్కడి వార్సా రేడియో మాస్ట్ (646 మీటర్ల ప్రసార స్తంభం) 1974 మే 18న పూర్తయింది, జూలై 22న ప్రసారం మొదలైంది, 1991 ఆగస్టు 8న కూలింది. అంతవరకు తెలుసు.

ఒకటి, వార్సా దగ్గరి రాషిన్‌లో అప్పటికే 335 మీటర్ల మాస్ట్ ఉంది కదా, దాదాపు రెట్టింపు ఎత్తు దేనికి? ప్రపంచ రికార్డు కోసమే కట్టారనే మాట చాలాచోట్ల కనిపిస్తోంది. రెండు, కూలింది తుపానుకు కాదు, మరమ్మతు చేస్తుండగా. 15 స్టే వైర్లు (మాస్ట్‌ను పక్కల నుంచి నేలకు లాగి పట్టే ఉక్కుతాళ్లు) ఉన్న మాస్ట్‌కు ఒక్కటి మార్చబోతే మొత్తం ఎలా పడిపోతుంది?

భూతరంగం:

రికార్డు కోసం కాదండి, ఆ ఎత్తు లెక్కలోంచి వచ్చిందే. అప్పటి ఫ్రీక్వెన్సీ 227 కిలోహెర్ట్జ్. 3,00,000ని 227తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 1,321 మీటర్ల పైచిలుకు వస్తుంది, అందులో సగం 660. లావుపాటి లోహపు మాస్ట్‌లో కరెంటు వేగం కొంచెం తగ్గుతుంది కాబట్టి రెండు శాతం కోసేస్తే 646 దగ్గరికి చేరతాం. అంటే మాస్టే యాంటెనా, అదీ అర్ధతరంగ యాంటెనా. రాషిన్‌ది పావుతరంగానికి దగ్గర.

పావుతరంగంలో కరెంటు అడుగున గరిష్ఠం. నేలలోకి దిగే కరెంటు ఎక్కువ, ఆ మేరకు మట్టిలో వేడిగా పోయే శక్తీ ఎక్కువే. అర్ధతరంగంలో గరిష్ఠ కరెంటు మాస్ట్ నడుముకు ఎక్కుతుంది, అడుగున తక్కువ. అసలు లాభం రాత్రిపూట. ఆకాశం వైపు పోయే భాగం తగ్గి, నేల వెంట పాకే తరంగం బలపడుతుంది. అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పై వాతావరణపు పొర) నుంచి తిరిగొచ్చే తరంగం నేల తరంగంతో తగువుపడి ధ్వని పైకీ కిందికీ ఊగే ప్రాంతం ఉంటుంది చూడండి, అది కేంద్రానికి ఇంకా దూరం జరుగుతుంది.

దీనికి చెల్లించే మూల్యం వోల్టేజీ. కరెంటు తగ్గిన చోట వోల్టేజీ పెరుగుతుంది. బ్రౌన్ బోవెరి కంపెనీ ట్రాన్స్‌మిటర్లు రెండు, ఒక్కొక్కటి 1,000 కిలోవాట్లు, కలిపి 2,000. ఈ లెక్కన మాస్ట్ అడుగుకూ నేలకూ మధ్య 1,20,000 వోల్టులకు తట్టుకునే ఇన్సులేషన్ ఇచ్చారు.

ఇంకొకటి. 1988 ఫిబ్రవరి 1న ఫ్రీక్వెన్సీని 225కి మార్చారు. లాంగ్‌వేవ్ ఫ్రీక్వెన్సీలన్నీ 9తో భాగించబడాలన్న అంతర్జాతీయ ప్రణాళిక ప్రకారం. పక్కపక్క స్టేషన్ల క్యారియర్లు (ధ్వనిని మోసుకెళ్లే మూల తరంగాలు) కలిసి ఈల వేయడం అలా తగ్గుతుంది.

స్టేవైరు:

రెండో ప్రశ్నకు ముందు ఒక మాట. దీన్ని చాలామంది 'టవర్' అంటున్నారు. టవర్ తన కాళ్ల మీద నిలబడుతుంది. మాస్ట్ స్టేలు లేనిదే నిలబడదు. ఈ తేడా పట్టుకుంటే సగం జవాబు దొరికినట్టే.

మాస్ట్ అడ్డుకోత త్రిభుజం, ఒక్కో భుజం 4.8 మీటర్లు. 7.5 మీటర్ల ముక్కలు 86 ఒకదానిమీద ఒకటి పేర్చారు. అయిదు అంతస్తుల్లో స్టేలు, అంతస్తుకు మూడు చొప్పున, మధ్య కోణం 120 డిగ్రీలు. కాబట్టి 15 అనే సంఖ్య చూసి ధైర్యపడకండి, ఏ ఎత్తులోనైనా పట్టుకున్నవి మూడే. వాటిలో ఒకటి వదులైతే మిగతా రెంటినీ అవతలి నుంచి లాగేవాడు లేడు. ఆ రెండూ మాస్ట్‌ను తమ వైపు వంచుతాయి. పైగా స్టేలు పక్కకే కాదు, కిందికి కూడా లాగుతాయి. నిటారుగా ఉన్నప్పుడు మాస్ట్‌ను నొక్కి పట్టే ఆ బలమే, వంగిన మాస్ట్‌ను ఇంకా వంచుతుంది.

అందుకే మార్పిడికి ఒక వరస ఉంటుంది. ప్రసారం ఆపాలి, లేకపోతే రేడియో శక్తికి తాడు ముట్టుకున్న చెయ్యి కాలుతుంది. గాలి నిమ్మళించిన పూట చూసుకోవాలి. ముందు తాత్కాలిక స్టేలు కట్టి బిగించాలి. బిగువు కంటితో కాదు, లాగుడు బలాన్ని కొలిచే డైనమోమీటర్ పెట్టి చూడాలి. సాధారణంగా తొలి బిగువు తాడు తెగే బలంలో పదో వంతు దగ్గర ఉంచుతారు. తర్వాత పాత స్టేను కొంచెం కొంచెంగా వదులుతూ, బరువు తాత్కాలిక స్టే మీదికి నిజంగా మారిందో లేదో ప్రతి మెట్టులో చూసుకోవాలి, మాస్ట్ నిటారుదనాన్ని రెండు దిక్కుల నుంచి థియోడొలైట్‌తో (కోణాలు కొలిచే దుర్భిణీ పరికరం) పట్టి ఉంచాలి. కొత్తది పూర్తి బిగువుకు వచ్చేదాకా తాత్కాలిక స్టే జోలికి పోకూడదు.

ఆ రోజు మారుస్తున్నది అన్నిటికన్నా పై అంతస్తు స్టే. ఆ మార్పిడిలో పొరపాటు జరిగింది, మాస్ట్ ముందు వంగింది, తర్వాత సుమారు సగం ఎత్తులో విరిగింది. ప్రాణనష్టం లేదు. పై అంతస్తు పట్టు పోతే దాని కింది పట్టు దాకా ఉన్న పొడవంతా ఆధారం లేని కొయ్యలా మారుతుంది. పొడవు రెట్టింపైతే వంగకుండా మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకోండి.

లాంగ్‌వేవ్227:

అర్థమైంది, ధన్యవాదాలు. మరి అడుగున అంత వోల్టేజీ పెట్టి, పైన విమానాలకు హెచ్చరిక దీపాలకు కరెంటు ఎలా పంపుతారు? స్టే తాళ్లు కూడా ఉక్కువే కదా?

ఇన్సులేటర్:

స్టేలను ముక్కలుగా విడగొట్టి మధ్య మధ్య ఇన్సులేటర్లు వేస్తారు. లేకపోతే వందల మీటర్ల ఉక్కుతాడు తానే మరో యాంటెనాగా పనిచేసి ప్రసార నమూనాను చెడగొడుతుంది. కొన్‌స్తాంతినుఫ్‌లో 50 మిల్లీమీటర్ల తాళ్లూ ఇన్సులేటర్లూ కలిపి 80 టన్నులు.

దీపాలకు ఇలాంటి మాస్ట్‌ల్లో వాడే మామూలు ఉపాయం రింగ్ ట్రాన్స్‌ఫార్మర్. రెండు రింగులు గొలుసు కొక్కేల్లా ఒకదానిలోంచి ఒకటి దూరి ఉంటాయి, కానీ తగలవు. ఒకటి నేలవైపు, ఒకటి మాస్ట్‌వైపు. మధ్యలో గాలి. మెయిన్స్ కరెంటు దాటుతుంది, రేడియో కరెంటుకు దారి దొరకదు. పక్కనే మెరుపులకోసం స్పార్క్ గ్యాప్ ఉంటుంది, అంటే మధ్యలో ఖాళీ ఉన్న రెండు లోహపు గోళాలు, పిడుగు కరెంటు ఆ ఖాళీ దాటి నేలలోకి పోతుంది. దాని గోళాల మీద పురుగులూ తుక్కూ చేరితే మెరుపు లేకుండానే చిటపటలాడి ట్రాన్స్‌మిటర్‌ను ట్రిప్ చేస్తుంది.

కూలాక ఏమైందో ఎవరూ రాయలేదు. ప్రసారం రాషిన్ పాత మాస్ట్‌కు తిరిగొచ్చింది, 500 కిలోవాట్లతో. కొన్‌స్తాంతినుఫ్‌లోనే మళ్లీ కట్టబోతే చుట్టుపక్కల జనం అడ్డుపడ్డారు. చివరికి పోలండ్‌లోనే సోలెత్స్ కుయావ్‌స్కీ పట్టణంలో 330, 289 మీటర్ల రెండు మాస్ట్‌లు లేపి 1999 సెప్టెంబరులో 225 మీద మొదలెట్టారు. 225కి పావుతరంగం ఎంతో మీరే లెక్కేసి చూడండి, 330 ఎందుకో తెలుస్తుంది.