ఎమ్మెల్యేని దేనితో కొలవాలి: సభలో మాటతోనా, చావింటి పలకరింపుతోనా?

వంశధార గట్టు:
పోయిన నెల మా మండలంలో ఒక పెద్దకర్మకి వెళ్లాను. పన్నెండున్నరకి విస్తళ్లు వేయాల్సింది, రెండు దాటినా వేయలేదు. ఎందుకయ్యా అంటే ఎమ్మెల్యే గారు దారిలో ఉన్నారట. వచ్చారు. ఫొటోకి దండ వేశారు, పెద్దకొడుకు భుజం మీద చెయ్యి వేశారు, నాలుగు నిమిషాల్లో కారెక్కారు. పక్కన కూర్చున్న పెద్దాయన "అసెంబ్లీ జరుగుతోందట, అయినా మనకోసం వచ్చాడు, ఎంత మంచోడో" అన్నాడు. నాకు అక్కడే తిక్క లేచింది. అసెంబ్లీ జరుగుతుంటే ఆయనకి ఇక్కడ ఏం పని?

అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకి రాకపోతే ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగంలోనే ఉంది. మా ఊళ్లో మాత్రం లెక్క వేరు. మూడు చావులకి రాకపోతే ఆ మనిషి ఓడిపోయినట్టే. మనం ఎన్నుకున్నది శాసనసభ్యుణ్ణా, పలకరింపుల సభ్యుణ్ణా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఉద్దానం జీడి:
మాస్టారూ, మీకు అర్జీ పెట్టుకునే అవసరం ఎప్పుడూ పడి ఉండదు. నాకు పడింది.

మా చిన్నాన్నకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇది ఏ ఇంటికీ కొత్త కాదు. విశాఖలో ఆస్పత్రి బిల్లు కోసం సీఎం రిలీఫ్ ఫండ్‌కి లెటర్ కావాలి. ఉదయం ఆరున్నరకి ఎమ్మెల్యే ఇంటి గేటు దగ్గర ముప్పై మంది, కుర్చీలు పది. పీఏ బల్ల మీద లెటర్‌హెడ్ల కట్ట, స్టాంప్ ప్యాడ్. ఆస్పత్రి కాగితాలు, ఆధార్ జెరాక్స్, రేషన్ కార్డు జెరాక్స్ అన్నీ కలిపి పిన్ను కొట్టివ్వాలి. ఒక కాగితం తక్కువైందని నన్ను రెండుసార్లు తిప్పారు. మూడోసారి ఎమ్మెల్యే స్వయంగా బయటికొచ్చి, ఫైలు చూసి, పీఏని కసిరి, కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. నాలుగు నెలలకి చెక్కు వచ్చింది.

ఆయన ఆ రోజు సభలో కూర్చుని ఏదో బిల్లుకి బల్ల చరుస్తూ ఉంటే మా చిన్నాన్నకి ఏం ఒరిగేది?

వంశధార గట్టు:
మీ చిన్నాన్న గారికి బాగుండాలి బావూ, ఆ మాట ముందు. కానీ ఒకటి అడుగుతాను. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం వచ్చింది. ఇవి ఎవరి లెటర్‌హెడ్ మీద వచ్చాయి? ఏళ్ల తరబడి జనం, డాక్టర్లు, పత్రికలు మొత్తుకుంటే సర్కారు బడ్జెట్‌లో డబ్బు పెట్టింది. బడ్జెట్ పాసయ్యేది అసెంబ్లీలో. మీ చిన్నాన్నకి చెక్కు ఇప్పించిన సంతకం మంచిదే, కాదనను. అదే నీళ్లు పాతికేళ్ల ముందు వచ్చి ఉంటే మీరు ఆ గేటు దగ్గర ఎన్నిసార్లు నిలబడాల్సి వచ్చేదో ఆలోచించండి.

కోట జంక్షన్:
విజయనగరం నుంచి ఒక మాట. అశోక్ గజపతిరాజు గారు 1978లో జనతా పార్టీ తరఫున మొదటిసారి గెలిచారు. తర్వాత తెలుగుదేశంలో వరసగా గెలుస్తూ వచ్చారు, మంత్రి కూడా చేశారు. 2004లో ఓడారు. ఎవరి చేతిలో? ఇండిపెండెంట్‌గా నిలబడ్డ కోలగట్ల వీరభద్రస్వామి చేతిలో. 2009లో మళ్లీ గెలిచారు. అన్నేళ్ల అనుభవం ఆ ఒక్క ఎన్నికలో ఆదుకోలేదంటే, జనం చూసేది ఇంకేదో ఉందన్నమాట. మా వీధిలో అప్పట్లో నడిచిన మాట ఒక్కటే: "పిలిస్తే పలికేవాడు కావాలి." తప్పో ఒప్పో, మన ఓటరు కొలత అది.

పొందూరు మగ్గం:
ఇంకా గట్టి సాక్ష్యం నేనిస్తాను. సభలో స్పీకర్ కుర్చీకి మించిన కుర్చీ లేదు కదా. ప్రతిభా భారతి గారు 1999 నుంచి 2004 దాకా స్పీకర్, ఆంధ్రప్రదేశ్‌కి మొదటి మహిళా స్పీకర్. 2004లో ఎచ్చెర్లలో ఓడిపోయారు. తమ్మినేని సీతారాం గారు 2019 నుంచి 2024 దాకా స్పీకర్. 2024లో ఆమదాలవలసలో ఓడిపోయారు. ఇద్దరూ మన శ్రీకాకుళం జిల్లావాళ్లే.

గాలి వల్ల ఓడారంటారు, నిజమే, ఆ రెండు ఎన్నికల్లోనూ వాళ్ల పార్టీలే ఓడాయి. అయినా స్పీకర్‌గా చేశాడని ఒక్క ఓటు ఎక్కువ పడ్డట్టు మా మగ్గాల దగ్గర ఎవరూ చెప్పగా వినలేదు.

కోట జంక్షన్:
మూడో పేరు మరిచిపోయారు. తంగి సత్యనారాయణ గారు. 1983లో ఎన్టీఆర్ తొలి ప్రభుత్వంలో స్పీకర్ ఆయనే, శ్రీకాకుళం ఎమ్మెల్యే.

నాగావళి నీళ్లు:
ముందు మా చెరువు గట్టు వేయించమనండి. చర్చ తర్వాత.

బారువ కెరటం:
మీరంతా జనాన్ని తప్పు పడుతున్నారు. నాకు జనం తప్పు కనిపించడం లేదు. సభలో ఎమ్మెల్యే మాటకి విలువ పోయింది కాబట్టే ఆయన చావింటికి వస్తున్నాడు.

మా ఊరి మనిషి గౌతు లచ్చన్న గారి సంగతి చూడండి. 1954లో ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు, మద్యనిషేధం మీద గొడవ. కల్లుగీత కార్మికుల పొట్ట కొడుతున్నారని లచ్చన్న పోరాడారు. అవిశ్వాసంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు! మా తాత ఈ కథ చెప్పేటప్పుడు వేలు ఒకటి పైకెత్తి కాసేపు అలాగే ఉంచేవాడు.

ఇప్పుడు అలాంటిది జరుగుతుందా? 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. పార్టీ విప్ జారీ చేస్తే అటే చెయ్యెత్తాలి, లేదంటే సభ్యత్వం పోతుంది. గోడ దూకేవాళ్లని ఆపడానికి తెచ్చారు, అది అవసరమే అనుకోండి (ఆపిందా అంటే అది వేరే చర్చ). కానీ దాంతోపాటు ఇంకొకటి జరిగింది. ఏ బిల్లుకి ఎటు ఓటు వేస్తాడో ముందే తెలిసిన మనిషి సభలో ఉన్నా లేకపోయినా తేడా ఏముంది? సొంతంగా చేయగలిగింది ఆయనకి మిగిలింది రెండే: ప్రశ్న అడగడం, పలకరింపుకి రావడం. ప్రశ్నకి ఓటు రాదు.

ఉద్దానం జీడి:
ఇది నేను ఒప్పుకుంటాను బావా. కానీ అందరూ ఒకేలా ఉండరు. ఎర్రన్నాయుడు గారినే తీసుకోండి. 1983లో హరిశ్చంద్రపురం నుంచి గెలిచేటప్పటికి 26 ఏళ్లు కూడా నిండలేదు. 1989లో పార్టీ టికెట్ ఇవ్వలేదు, ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచారు. ఆ గెలుపు సభలో ప్రసంగాలతో వచ్చిందా, ఊళ్లు తిరిగితే వచ్చిందా? టికెట్ లేని మనిషికి ఇంటింటి పరిచయమే టికెట్. 1996లో పార్లమెంటుకి వెళ్లి, కేంద్రంలో గ్రామీణాభివృద్ధి మంత్రి అయ్యారు. రెండూ చేయొచ్చని చూపించిన మనిషి. 2012 నవంబర్‌లో పోయింది కూడా విశాఖలో పెళ్లికి వెళ్లి వస్తూనే, రణస్థలం దగ్గర, అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద.

పొందూరు మగ్గం:
అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఎలాగో అయిపోతుంది. కానీ చూడు తమ్ముడూ, నువ్వే మాస్టారి వాదనకి బలం ఇస్తున్నావు. అంత పెద్ద నాయకుడు కూడా ఆ వేళకి ఎందుకు రోడ్డు మీద ఉండాల్సి వచ్చింది? పెళ్లికి రాకపోతే మనం ఊరుకోం కాబట్టే కదా.

వంశధార గట్టు:
సరిగ్గా నా బాధ అదే. పింఛను ఆగిందంటే ఎమ్మెల్యే, కాలువ పూడిందంటే ఎమ్మెల్యే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే ఎమ్మెల్యే. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి, ఊళ్లోనే పది మంది ఉద్యోగులు కూర్చున్నారు. మా ఊళ్లో అయితే ఎమ్మెల్యే గేటు దగ్గర జనం ఏమీ తగ్గలేదు. సచివాలయంలో కాగితం కదలాలన్నా ఫోన్ చేయించుకుంటున్నారు. సర్పంచి పని ఎమ్మెల్యే చేస్తూ కూర్చుంటే, ఎమ్మెల్యే పని ఎవరు చేస్తారు?

బారువ కెరటం గారి మాటతో సగం ఏకీభవిస్తున్నాను. విప్ ఓటుకే కానీ నోటికి కాదు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా ఎందుకు వలస పోతున్నారని, తిత్లీ తుపానులో పడిపోయిన కొబ్బరి తోటలు ఏమయ్యాయని అడగడానికి ఏ విప్ అడ్డం? 2018 అక్టోబర్ తర్వాత ఆ తోటలు మళ్లీ కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతుని అడిగితే చెబుతాడు.

నా కొలత ఇది. ఒకే రకం అర్జీ పట్టుకుని ఒకే ఊరి నుంచి ఏటా జనం వస్తూనే ఉన్నారంటే, ఆ ఎమ్మెల్యే ఎన్ని సంతకాలు పెట్టినా పని చేయనట్టే లెక్క.

కోట జంక్షన్:
బాగుంది మాస్టారూ. అయితే ఇక్కడున్న వాళ్లందరికీ ఒక పరీక్ష. మీ ఎమ్మెల్యే గత సమావేశాల్లో అడిగిన ప్రశ్న ఒక్కటి చెప్పండి. గూగుల్ చేయకుండా.

నాగావళి నీళ్లు:
తెలీదు.

పొందూరు మగ్గం:
నాకూ తెలీదు.

ఉద్దానం జీడి:
తెలీదు. మా చెల్లి పెళ్లికి ఎంత చదివించారో మాత్రం ఇంట్లో అందరికీ గుర్తుంది.

వంశధార గట్టు:
నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఇంకో సంగతి. వచ్చే ఆదివారం మా మావయ్య గారి పెద్దకర్మ. ఎమ్మెల్యే గారికి కబురు పంపావా అని మా ఆవిడ పొద్దుటినుంచి రెండుసార్లు అడిగింది.