అమ్మ ఫోన్ నంబరు ఉంచుకోవాలా, వదిలేయాలా?

సింగ్ నగర్ ఆడపడుచు:
వచ్చే మాఘానికి అమ్మ సంవత్సరీకం. ఆ పనులన్నీ బెజవాడలో అన్నయ్య చూసుకుంటున్నాడు. మా ఇద్దరికీ తగువల్లా ఆవిడ ఫోన్ నంబరు దగ్గరే. నేను హైదరాబాద్ నుంచి ఆ నంబరు ఆగిపోకుండా రీఛార్జి చేయిస్తుంటాను. "ఎవరు మాట్లాడతారని ఆ డబ్బులు?" అంటాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అమ్మ మేడ మీద ఇరుక్కుపోయింది. కరెంటు లేదు. ఛార్జింగ్ అయిపోతుందని కాల్ చేయనిచ్చేది కాదు, పొద్దునొకటి, సాయంత్రమొకటి వాయిస్ మెసేజ్ పెట్టేది. "పైనుంచి డ్రోన్ పొట్లం దింపి పోయిందే. పులిహోర. పోపులో ఇంగువ వెయ్యలేదు, అయినా బానే ఉందిలే. కింద వాటా వాళ్ళ పాపకి పాలు దొరికాయి. నువ్వు కంగారుపడి బస్సెక్కి రాకు." వెనకాల పడవ ఇంజను చప్పుడు, ఎవరో "పిన్నిగారూ" అని కేక.

మా చిన్నోడికి డ్రోన్లంటే పిచ్చి. "అమ్మమ్మా, దానికి రెక్కలెన్ని?" అని అడిగాడు. మర్నాడు జవాబు: "నాలుగో ఆరోనురా, తిరుగుతుంటే తెలిసి చావట్లేదు. ఈసారొస్తే సరిగ్గా చూస్తా." బీరువా, ఫ్రిజ్ అన్నీ బురదపాలైనా ఆవిడకి ఆ లెక్క తేలలేదన్నదే బెంగ! వాడు ఇప్పటికీ డ్రోన్ బొమ్మలు గీసి ఆ నంబరుకి పంపుతాడు. ఒక్క టిక్కు పడి ఆగిపోతుంది.

నంబరు పోతే ఆ మెసేజ్‌లూ పోతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బెంజి సర్కిల్ మొబైల్ షాపు:
అక్కా, అవి మీ ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి అమ్మగారి నంబరు పోయినా పోవు. మీ ఫోన్ పాడైతేనే భయం. ఈరోజే ఆ చాట్‌లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, మీడియాతో సహా మెయిల్‌కి పంపుకోండి, పెన్‌డ్రైవ్‌లోనూ వేయండి. ఆవిడ వాట్సాప్ అకౌంట్ సంగతి వేరు, 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు. రీఛార్జి ఆపేస్తే మాత్రం కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు బాబు బొమ్మలు ముక్కూమొహం తెలియనివాళ్ళకి వెళ్ళినా వెళ్తాయి.

బ్రాడీపేట బ్యాంకు పెద్దాయన:
ముందు బ్యాంకు పని తేలిందా తల్లీ? నామినీ క్లెయిమ్ పూర్తయ్యేదాకా నంబరు వదలొద్దు. అలాగని దానికొచ్చే ఓటీపీతో ఆవిడ ఖాతాలోంచి డబ్బు తీయకండి, తర్వాత చిక్కు. మరణ ధ్రువపత్రం పెట్టే క్లెయిమ్ చేయాలి. నంబరు కావాలనుకుంటే అదే పత్రం, మీ ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్ళండి, వారసుల పేరుకి మారుస్తారు.

పాయకాపురం:
ఆ వారం మేమూ మేడ మీదే అండీ. మాకొచ్చిన పొట్లాల్లోనూ ఇంగువ లేదు 🙂 మీ అన్నయ్యగారికి ఆ మెసేజ్ వినిపించారా అసలు?

సింగ్ నగర్ ఆడపడుచు:
అందరికీ థాంక్స్. మొత్తం ఎక్స్‌పోర్ట్ చేశాను. అన్నయ్యకి నిన్న పంపాను, వాడికి ఇవేవీ తెలియవట. బ్యాంకు క్లెయిమ్ వాడే పెడుతున్నాడు. నంబరు కూడా తన పేరు మీదే మార్పించుకుంటాడట, పెద్దవాణ్ణి కదా అంటున్నాడు. ఇన్నాళ్ళూ రీఛార్జి చేయించింది నేను! సోమవారం స్టోర్‌కి ఇద్దరం వెళ్తున్నాం, చూడాలి.