అడగకుండ తప్పు చెప్పొచ్చా? అభిమానులు రాసిన కథల మీద ఒక పంచాయితీ

పాలమూరు పోరడు:
ఇది జర తేల్చుండ్రి. ఇంటర్ చదివే ఒక చెల్లె తనకిష్టమైన గేమ్ హీరోను తెచ్చి మన ఆర్టీసీ బస్సెక్కించి కథ రాసింది. హైదరాబాద్‌ల ఎక్కి, బీచుపల్లి కాడ కృష్ణ దాటి, మహబూబ్‌నగర్‌ల దిగుతడంట! బీచుపల్లి మన ఊరు దాటినంక గద వచ్చేది. ‘బీచుపల్లి యాడుందో చూస్కొని రాయి’ అని కింద పెట్టిన. నలుగురు నా మీద పడ్డరు. ఉత్తగ రాస్తున్నరని తప్పు కూడ చెప్పొద్దా?

పానగల్లు అక్క:
చెప్పొచ్చు తమ్మీ. నువ్వు గదొక్కటే చెప్పినవు, అదీ లొల్లి. అదే భాగంల కండక్టర్ చిల్లర లేదని టికెట్ వెనుక బాకీ రాసిస్తడు, హీరో దాన్ని ఏదో మంత్రమనుకొని జేబుల భద్రంగ దాస్తడు. నేనైతే పడిపడి నవ్విన. గంత మంచి సీను మీద నీ దిక్కుకెళ్లి ఒక్క ముక్క లేదు. నువ్వు కథ చదివినవో, తప్పు దేవులాడినవో ఆ పిల్లకెట్ల తెలుస్తది?

రాత్రి చదువరి:
2009ల మొదలైన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అభిమానుల కథల సైట్‌ల నేను చూసిన పద్ధతి చెప్త. విమర్శ కావాలంటే శానామంది కథ ముందు నోట్‌లనే రాస్కుంటరు. రాయకుంటే వద్దనే లెక్క అంటరు కొందరు. నచ్చితే కుడోస్ అనే మెచ్చుకోలు బటన్ నొక్కి పోవచ్చు, లాగిన్ కూడ అక్కర్లేదు. కామెంట్లు తాను చూసినంకనే కనపడేటట్టు రాసినోళ్లు పెట్టుకోవచ్చు. కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్‌ల గట్ల కాదు, చదివినోళ్లు ఇచ్చే రేటింగ్ చుక్కలు అందరికీ కనిపిస్తయి. రెండు చుక్కలేసి మాట చెప్పకుండ పోయేటోళ్లను చూస్తే నాకు మంట.

దేవరకొండ:
మరీ సున్నితం చేస్తున్నరు. ‘సూపర్ అక్కా’, ‘నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు’ అని పెట్టెటోళ్లు మాత్రం చదివిండ్రా? ఈ కథలకు ఎడిటర్ లేడు, ప్రూఫ్ చూసెటోడు లేడు. మన ఊరి తొవ్వ తప్పు రాస్తే మనం గాక ఇంకెవరు చెప్తరు?

పానగల్లు అక్క:
తొవ్వ తప్పైతే చెప్పాల్సిందే, ఆమె దిద్దుకుంటది. ‘హీరో గిట్ల మాట్లాడడు’ అని పంచాయితీ పెడితేనే నాకు నచ్చది. నీ మనసుల హీరో వేరు, ఆమె మనసుల హీరో వేరు. అడగందే అండ్ల వేలు పెట్టొద్దు. బీచుపల్లి ముచ్చట నేనైతే గిట్ల రాస్త:
‘చెల్లె, టికెట్ వెనుక చిల్లర సీను అదిరింది. ఒక్క మాట: హైదరాబాద్ నుంచి వస్తే మహబూబ్‌నగరే ముందు, బీచుపల్లి ఇంకా కిందికి, కొత్తకోట దాటినంక. వంతెన సీను పోవద్దంటే హీరోను కర్నూలు దిక్కు నుంచి బస్సెక్కియ్యి.’

దేవరకొండ:
ఇది బాగుంది. కాని గింత ఓపిక అందరికుంటదా అక్కా? ఒక్క లైన్ల చెప్తే మర్యాద లేనట్టేనా?

పానగల్లు అక్క:
ఒక్క లైనే రాయి, ‘చూస్కొని రాయి’ తీసేసి. ‘మహబూబ్‌నగర్ ముందొస్తది చెల్లె’ అంటే సాలు.

పాలమూరు పోరడు:
టికెట్ సీను నాకూ నచ్చింది, ఆ మాట ఇప్పుడే పోయి రాస్త. బీచుపల్లి మాటైతే వాపస్ తీస్కోను.

రాత్రి చదువరి:
అక్కా, కర్నూలుల ఎక్కిస్తే ముందు తుంగభద్ర దాటాలె. పాపం ఆ చెల్లెకు ఇప్పుడు రెండు వంతెనలు!