రోడ్డుకి పైన చెరువు, కింద పొడి నేల: వరద మ్యాప్ ఇలా ఎందుకు వస్తోంది?

మెష్‌లో_చిక్కా
పొద్దున్నుంచీ ఇదే పని, ఇక బుర్ర పనిచేయట్లేదు. నగరం మధ్యలోంచి పోయే వాననీటి కాలువకి వరద హజార్డ్ మ్యాప్ చేస్తున్నా. హెక్-రాస్‌లో (నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) టూడీ మోడల్, నేలని సెల్స్ అనే గళ్ల మెష్‌గా విడగొట్టి. పైనుంచి 18 క్యుమెక్కులు (సెకనుకి ఘనపు మీటర్లు) వదిలాను. ఎర్రర్ ఏమీ రాదు, రన్ చక్కగా పూర్తవుతుంది. మ్యాప్ తెరిస్తే మాత్రం కాలువని దాటే మెయిన్ రోడ్డు దగ్గర నీళ్లు ఆగిపోయి, పైవైపు మూడు మీటర్ల లోతు చెరువు. అక్కణ్నుంచి పక్క వీధుల్లోకి తిరిగిపోతున్నాయి. రోడ్డుకి కిందివైపు చుక్క లేదు. అక్కడి జనం చెప్పేది పూర్తిగా రివర్సు: ఏటా మునిగేది కింది కాలనీలేనట, పైవాళ్ల గడప ఎప్పుడూ తడవలేదట. మానింగ్స్ ఎన్ (కాలువ గరుకుతనం చెప్పే అంకె) మార్చాను, టైమ్ స్టెప్ తగ్గించాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. చెరువు చెరువులాగే ఉంది. రేపు ఇచ్చేయాలి, ఎవరైనా దారి చెప్పండి.

పాతలెవెల్
టెర్రైన్ (నేల ఎత్తుల డేటా) ఎక్కడిది?

మెష్‌లో_చిక్కా
టెర్రైన్‌లో తేడా ఏమీ లేదు సర్. ప్రొజెక్షన్ కూడా చెక్ చేశా. రోడ్లు, డాబాలు, చెట్లు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

పాతలెవెల్
చెట్లు కూడా కనిపిస్తున్నాయా. అందుకే అడుగుతున్నా. ఎక్కడిది?

వానలెక్క
టెర్రైన్ సంగతి తర్వాత. ముందు ఆ 18 ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పండి. ఈ గ్రూపులో అందరూ మోడల్‌కి రంగులు వేయడం నేర్చుకున్నారు గానీ, వాన దగ్గర మాత్రం ఎవరో ఇచ్చిన అంకె పెట్టేస్తారు. ఇన్‌ఫ్లో తప్పయితే మెష్ ఎంత బాగున్నా దండగే.

మెష్‌లో_చిక్కా
రేషనల్ మెథడ్ అండీ, వాన నుంచి గరిష్ఠ ప్రవాహం లెక్కేసే సూత్రం. పరీవాహక ప్రాంతం 135 హెక్టార్లు, రనాఫ్ కోఎఫిషియెంట్ (వానలో పారిపోయే వంతు) 0.8, వాన గంటకి 60 మిల్లీమీటర్లు. మూడూ గుణించి 360తో భాగిస్తే 18. కానీ నా ప్రశ్న అది కాదు కదా.

వానలెక్క
ప్రశ్న అదే కావాలి. గంటకి 60 అంటే గంటసేపు కురిసిన వాన సగటా? కాలువ పొడవెంత? రెండు కిలోమీటర్లు అనుకుందాం. సిమెంటు కాలువలో నీరు సెకనుకి రెండు మీటర్ల వేగంతో పోతే పదిహేడు నిమిషాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి చేరుతుంది. వీధుల్లోంచి కాలువలో పడడానికి ఇంకో పది నిమిషాలు. అంటే మొత్తం పరీవాహకం అరగంటలోపే స్పందిస్తుంది. అలాంటప్పుడు గంట సగటు తీసుకుంటే అసలు పోటు తప్పిపోతుంది. గంటలో పడ్డ 60 మిల్లీమీటర్లలో సగానికి మించి ఏ ఇరవై నిమిషాల్లోనో దంచికొట్టి ఉండొచ్చు. నగరం కాలువలు పొంగేది ఆ ఇరవై నిమిషాల్లోనే. మీ ప్రాంతపు తీవ్రత-వ్యవధి-పౌనఃపున్య వక్రాల (ఎంతసేపటి వాన ఎంత జోరుగా, ఎంత తరచుగా పడుతుందో చూపే గీతల) నుంచి అరగంట వ్యవధికి తీవ్రత తీసుకోండి. పైగా మీరు స్థిరమైన ప్రవాహం వదిలినట్టున్నారు. పెరిగి తగ్గే హైడ్రోగ్రాఫ్ (సమయంతో మారే ప్రవాహం) పెట్టాలి. లేకపోతే మీ చెరువు ఎంతసేపు రన్ చేస్తే అంత పెరుగుతుంది.

గట్టుమీద
18 క్యూసెక్కులకి ఇంత గొడవేంటి బ్రో, అది పంటబోదె నీళ్లు కదా.

వానలెక్క
క్యూసెక్కులు కాదు బాబూ, క్యుమెక్కులు. సెకనుకి 18 ఘనపు మీటర్లు. క్యూసెక్కుల్లో 635 పైమాటే. పేపర్లు చదివే అలవాటుతో మోడల్‌లో అంకెలు వేయకండి.

పాతలెవెల్
టెర్రైన్?

మెష్‌లో_చిక్కా
డ్రోన్ సర్వే సర్. పావు మీటరు పిక్సెల్. చాలా మంచి డేటా, అందుకే దాని జోలికి పోలేదు. కాలువ అడుగు వెడల్పు 5 మీటర్లు, లోతు 1.8, వాలు వెయ్యికి ఒకటి. సెల్ సైజు 10 మీటర్లు పెట్టాను, ఇంకా తగ్గిస్తే రన్ తెమలడం లేదు.

గట్టుమీద
డ్రోన్ ఎందుకు బ్రో, ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి తీసిన నేల ఎత్తుల డేటా) ఫ్రీగా దొరుకుతుంది కదా. నేను నది మ్యాప్ దాంతోనే చేశా, బాగానే వచ్చింది.

పాతలెవెల్
ముప్పై మీటర్ల పిక్సెల్. అయిదు మీటర్ల కాలువ. వద్దు.

గట్టుమీద
అంటే ఫ్రీ డేటా వాడేవాళ్లందరూ తెలివితక్కువవాళ్లా సర్?

పాతలెవెల్
నదికి సరే. ఇది నది కాదు. ఆ డేటా 2000 ఫిబ్రవరిలో రాడార్ తీసింది. అది కూడా డాబాల పైభాగాలనే చూస్తుంది.
చిక్కా గారూ, మీ డ్రోన్ డేటా ఉపరితలానిది. రోడ్డు స్లాబు పైభాగాన్ని చూసింది, కింద ఉన్న దారి దానికి తెలీదు. మీ మోడల్‌లో అక్కడ వంతెన లేదు, అడ్డుకట్ట ఉంది. కోయండి.

మెష్‌లో_చిక్కా
కోయడమంటే?

పాతలెవెల్
వంతెన ఉన్నంత మేరా టెర్రైన్‌ని కాలువ అడుగు మట్టానికి దించడం. హెక్-రాస్‌లోని రాస్ మ్యాపర్‌లోనే టెర్రైన్ మాడిఫికేషన్ ఉంది. వెడల్పు, రెండు చివర్ల మట్టాలు ఇస్తే చాలు. అయితే స్లాబు మట్టం దాకా నీరు వస్తే కోత చాలదు. బాక్సు కల్వర్టుగా (రోడ్డు కింది పెట్టె ఆకారపు తూము) పెట్టాలి, వెంట్లు (నీరు పోయే దారులు) ఎన్నో, ఎత్తెంతో కొలిచి. ఒక వెంట్ చెత్తతో సగం మూసుకుపోయినట్టు ఇంకో రన్. అసలు వరద అప్పుడే వచ్చేది.
సెల్ సైజు కూడా కుదరదు. ఒక సెల్‌లో నీటిమట్టం ఒక్కటే. మీ పది మీటర్ల సెల్‌లో కాలువా, గట్టూ, గట్టవతలి వీధీ అన్నీ ఉన్నాయి. గట్టు దాటకుండానే నీరు వీధిలో కనిపిస్తుంది. రెండు గట్ల మీదా బ్రేక్‌లైన్లు (సెల్స్ అంచులు గట్టు వెంటే వచ్చేలా చేసే గీతలు) గీసి, కాలువ పొడవునా మాత్రమే సెల్స్ చిన్నవి చేయండి. మిగతాచోట పది మీటర్లే ఉంచుకోవచ్చు.
కింద బౌండరీ, అంటే మోడల్ చివర నీరు బయటికి పోయేచోట షరతు, ఏమిచ్చారు?

రంగులపటం
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మీరంతా దీన్ని హజార్డ్ మ్యాప్ అంటున్నారు, కానీ చిక్కా గారు చూపిస్తున్నది ముంపు లోతు మాత్రమే. హజార్డ్‌కి వేగం కూడా కావాలి. లోతుని వేగంతో గుణించి వర్గాలు చేయాలి. ఆస్ట్రేలియా వాళ్ల పద్ధతిలో హెచ్1 నుంచి హెచ్6 దాకా ఆరు మెట్లు. మొదటి మెట్టుకి లోతు 0.3 మీటర్లు మించకూడదు, గుణిస్తే వచ్చే అంకె కూడా 0.3 మించకూడదు, వేగం సెకనుకి రెండు మీటర్ల లోపు. మోకాలి కింద నీళ్లే అయినా వాలు వీధిలో సెకనుకి రెండు మీటర్లతో పోతుంటే పిల్లలు నిలబడలేరు. మీటరు లోతున నిలిచిన నీరు నాశనం చేసేది వేరు. రెండింటికీ ఒకే నీలం రంగు వేసి ఇస్తే చూసేవాడు ఏం తెలుసుకుంటాడు?

వానలెక్క
అసలు వాళ్లకి కావాల్సింది రిస్క్ మ్యాప్ అయ్యుంటుంది.

రంగులపటం
రిస్క్ వేరండీ. అక్కడ ఎవరున్నారు, ఏ ఇల్లుంది, ఎంత దెబ్బ తట్టుకుంటుంది అన్నవి కలిస్తేనే రిస్క్. ఖాళీ మైదానంలో హజార్డ్ ఎంతైనా ఉండొచ్చు, రిస్క్ దాదాపు సున్నా. ఆసుపత్రి సెల్లార్‌లో అరమీటరు నీళ్లు చాలు.

వానలెక్క
తేడా నాకు తెలుసు. పై ఆఫీసుల్లో ఏ పేరు వాడతారో చెబుతున్నా. వాళ్లు ‘వందేళ్ల వరద’ అని కూడా అంటారు, వందేళ్లకి ఒకసారే వస్తుందనుకుని. ఏటా ఒక శాతం అవకాశం అని అర్థం. ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. లెక్క వేసి చూసుకోండి.

రంగులపటం
ఆఫీసుల్లో తప్పుగా అంటే మనమూ అలాగే అనాలా?

పాతలెవెల్
చిక్కా గారూ, కింద బౌండరీ.

మెష్‌లో_చిక్కా
నార్మల్ డెప్త్ (వాలుని బట్టి కాలువలో స్థిరంగా ఉండే లోతు), వాలు 0.001. కాలువ వాలే ఇచ్చాను. మాన్యువల్‌లో అలాగే ఉంది. కాలువ చివర పెద్ద వాగులో కలుస్తుంది, కానీ అది నా స్టడీ ఏరియాలోకి రాదు.

పాతలెవెల్
రాకపోయినా దాని నీరు వస్తుంది. మీ కాలువలో ప్రవాహం సబ్‌క్రిటికల్, అంటే నెమ్మదైనది. నిండుగా పారితే ఫ్రౌడ్ సంఖ్య (నీటి వేగాన్ని అల వేగంతో పోల్చేది, ఒకటి లోపైతే సబ్‌క్రిటికల్) 0.5 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పైన నీటిమట్టాన్ని నిర్ణయించేది కింది మట్టమే. వాగు మీటరు పెరిగితే, వాలు వెయ్యికి ఒకటి కాబట్టి ఎగదన్ను దాదాపు కిలోమీటరు దాకా వస్తుంది. కింది కాలనీల వాళ్లు చెబుతున్నది అదే. వాగు మట్టాల రికార్డు తెచ్చి స్టేజ్ హైడ్రోగ్రాఫ్‌గా (సమయంతో మారే నీటిమట్టంగా) ఇవ్వండి. లేకపోతే ఆ కాలనీల గోడల మీద పాత నీటి గుర్తులు కొలిచి, ఏ మట్టంతో అవి సరిపోతాయో చూడండి.

గట్టుమీద
పూడిక సంగతి ఎవరూ మాట్లాడరేం? కాగితం మీద కాలువలన్నీ తళతళలాడుతుంటాయి.

వానలెక్క
ఇది మాత్రం మంచి మాట. సిమెంటు శుభ్రంగా ఉందనుకుని ఎన్ 0.015 వేస్తే ఈ కాలువ నిండుగా 19.6 క్యుమెక్కులు మోస్తుంది. పైన 18, భలే సరిపోయింది అనిపిస్తుంది. గుర్రపుడెక్క, చెత్తా కలిసి ఎన్ 0.035కి పోతే 8.4 మాత్రమే. అది కూడా పూడికతో లోతు తగ్గిందని అనుకోకుండానే. చిక్కా గారూ, మీరు ఎన్ ఎంత పెట్టారు?

మెష్‌లో_చిక్కా
రోడ్డు దగ్గర కోశాను, నీళ్లు కిందికి వచ్చాయి. థాంక్స్ అందరికీ. రిపోర్ట్ రాసుకోవాలి, వెళ్తున్నా.

పాతలెవెల్
కోసి వదిలేశారా, కల్వర్టు పెట్టారా? బౌండరీ మార్చారా?

రంగులపటం
లెజెండ్‌లో హజార్డ్ అని మాత్రం రాయకండి, దయచేసి.

వానలెక్క
ఎన్ చెప్పలేదు.

డ్రైన్_కొత్త
నాకూ అచ్చం ఇదే సమస్య. కాకపోతే నాది పైన మూసేసిన కాలువ, నాలుగు వందల మీటర్లు భూమిలోంచే పోతుంది, పైన దుకాణాలు. కోయాలా, కల్వర్టుగానే పెట్టాలా? పాతలెవెల్ గారు ఉన్నారా?